వెబ్ పుటలో విలువల రకములు

వైద్యశాలలో వాడుటకై వ్రాసిన ఒక వెబ్ పుటను ఊహింపుడు. అందు రెండు గడులు గలవు. ఉదయము ఇచ్చిన మందు 5 మిల్లీగ్రాములని నర్సు మొదటి గడిలో వ్రాసినది. సాయంకాలపు మోతాదు రెండవ గడిలో, మరల 5. మొత్తమెంత? పది యని బడిపిల్లవాడైనను చెప్పును. ఆ పుట మాత్రము 55 అని చూపవచ్చును. యంత్రము చెడినందువలన కాదు. చెప్పిన పనిని అది తుచ తప్పక చేసినది.

గడిలో వ్రాసినదానిని బ్రౌజరు సాధారణముగా అక్షరముల వరుసగానే ప్రోగ్రామునకు అందించును. అక్కడ 5 అనునది సంఖ్య కాదు, ఒక అక్షరము. వెబ్ పుటల భాషయైన జావాస్క్రిప్టులో కూడిక గుర్తునకు రెండు పనులు గలవు. సంఖ్యలనిచ్చినచో కూడును, అక్షరములనిచ్చినచో ఒకదాని ప్రక్క నొకటి చేర్చును. తీసివేత గుర్తునకు ఈ రెండవ పని లేదు. అందుచే అవే గడులతో తీసివేసినచో, అక్షరములను సంఖ్యలుగా మార్చుకొని సరియైన జవాబే యిచ్చును! తీసివేతను మాత్రమే పరీక్షించి చూచినవారికి దోషమున్నట్లే తోచదు.

ఈ భాషను 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ రూపొందించెను. తొలి రూపము పది దినములలో సిద్ధమైనదని ప్రసిద్ధి. ఏ పేరునకు ఏ రకపు విలువ నిచ్చినను అడ్డు లేదు; ప్రోగ్రాము నడచునపుడే రకము తేలును. పది పంక్తుల పుటకు ఈ స్వేచ్ఛ హాయి. పలువురు కలసి లక్ష పంక్తులు వ్రాసినపుడు ఎవరు ఏ పేరులో నేమి యుంచిరో ఎవరికి జ్ఞాపకముండును?

2012 అక్టోబరులో మైక్రోసాఫ్టు సంస్థ టైప్‌స్క్రిప్టును వెలువరించినది. అంతకు ముందు సి షార్ప్ భాషను తీర్చిన ఆండర్స్ హైల్స్‌బర్గ్ దీనికిని ప్రధాన శిల్పి. ఇది జావాస్క్రిప్టే, అయితే పేరు ప్రక్కన దాని రకమును వ్రాయుటకు వీలు గలదు. మొత్తము సంఖ్యగా నుండవలెనని వ్రాసితిమనుకొనుడు. ప్రోగ్రామును నడుపకమునుపే పరీక్షక మొకటి దానిని ఆసాంతము చదివి, సంఖ్య యుండవలసిన చోటికి అక్షరములు వచ్చుచున్నవని ఆ పంక్తిని చూపి చెప్పును. మన మట్లు వ్రాయనిచో అక్షరములను అక్షరములతో చేర్చుట తప్పు కాదు గనుక అది పెదవి విప్పకపోవచ్చును.

పాత ప్రోగ్రామునంతయు ఒక్కసారిగా మార్చ నక్కరలేదు. రెండు భాషల దస్త్రములను కలిపి యుంచుకొని, ఒక్కొక్కదానినే మార్చుకొనవచ్చును. తొందరలో పలువురు 'ఎనీ' అను రకమును వాడుదురు. ఏ రకమైనను సరే యని దాని యర్థము. అచట పరీక్ష ఆగిపోవును. నా దృష్టిలో మొదట రకములు వ్రాయవలసినది పుట నడుమ గాక, బయటి విలువలు లోనికి వచ్చు ద్వారముల యొద్ద.

ఏలయన, బ్రౌజరునకు పంపుటకు ముందు ఈ రకములన్నియు చెరిపివేయబడును. మిగులునది వట్టి జావాస్క్రిప్టే. దూరపు కంప్యూటరునుండి మోతాదు సంఖ్యగా వచ్చునని మనము వ్రాసినచో పరీక్షకము నమ్మును. అది అక్షరముగా వచ్చిననాడు ఆపువారుండరు, మరల 55 కనబడును. కావున ద్వారము నొద్ద విలువను ప్రోగ్రాము నడచునపుడే చూచి, సంఖ్యగా మార్చుకొనవలెను. ఇందును ఒక చిక్కు గలదు. సాధారణముగా వాడు మార్పిడి, ఖాళీ గడిని సున్నగా మార్చును. మందు ఇయ్యలేదనుటకును, వ్రాయుట మరచితిమనుటకును అపుడు భేదముండదు. '5 మి.గ్రా.' అని వ్రాసినచో 'సంఖ్య కాదు' అని యర్థమిచ్చు ఒక ప్రత్యేకమైన విలువ వచ్చును. జావాస్క్రిప్టు లెక్కలో ఆ విలువ రకము కూడ సంఖ్యయే. పరీక్షకము దానిని తప్పు పట్టదు.