పాత ట్రాక్టరుకు టైర్లు కొనేటప్పుడు

మన సంఘానికి వచ్చే అర్జీల్లో చదువు ఫీజులు, ఆస్పత్రి బిల్లులు, పెళ్లి ఖర్చులే ఎక్కువ. దాతలకు అవి వివరించనక్కరలేదు. అప్పుడప్పుడు మాత్రం ఒక అర్జీ వేరుగా వస్తుంది: "ట్రాక్టరు టైర్లు పోయాయి, ఖర్జె హసనా కింద సాయం చేయగలరు" అని. ట్రాక్టరు ఉన్నవాడికి సాయమేమిటని కొందరు దాతలు మమ్మల్ని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబుగానూ, ఆ డబ్బును మేము ఎలా ఖర్చు పెడుతున్నామో చెప్పడానికీ ఈ వ్యాసం రాస్తున్నాము.

అచ్చంపేట చుట్టుపక్కల మనవాళ్లలో సొంత ట్రాక్టరు ఉన్నవారిలో కొందరికి సొంత పొలం లేదు. ఇరవై ఏళ్లు వాడిన బండిని ఎవరి దగ్గరో కొని, రోహిణి కార్తె నుంచి దుక్కులకు, ఆ తరువాత పత్తి, మిర్చి తోలకాలకు కిరాయికి తిప్పుతారు. ఇంజను పాతదైనా రిపేరు చేయించి నడపవచ్చు. టైర్లు అరిగితే మాత్రం బండి ఇంటి ముందు నిలబడిపోతుంది. బండి నిలబడితే ఆ ఇంట్లో కూలి డబ్బులు తప్ప వేరే రాబడి ఉండదు.

ముందుగా మా తప్పు చెప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం ఇలాంటి ఒక భాయ్‌కి సాయం చేసేటప్పుడు, తక్కువలో పని జరిగితే మిగిలిన డబ్బు ఇంకొకరికి అక్కరకొస్తుంది అనుకున్నాము. ఒక పట్నంలోని పాత టైర్ల కొట్లో వెనుక టైర్ల జత కొనిచ్చాము. చూడటానికి నల్లగా నిగనిగలాడుతున్నాయి, బటన్లు ఎత్తుగా ఉన్నాయి. ఆ ఏడు మిర్చి బస్తాల లోడుతో రోడ్డు మీద పోతుండగా ఒక టైరు పక్కగోడ నిలువునా చీలింది. మనిషికి ఏమీ కాలేదు, అల్లాహ్ దయ. కానీ సీజను మధ్యలో బండి ఆగిపోయింది, కిస్తీలు ఆగిపోయాయి. ఆయన మా ఎదుట పడటానికే మొహమాటపడి మీటింగులకు రావడం మానేశారు. అప్పు ఎగ్గొట్టాడని మాలోనే ఒకరిద్దరు అన్నారు కూడా. తరువాత పంక్చరు షాపులో ఆ టైరు విప్పించి చూస్తే సంగతి తెలిసింది. "మాస్టారూ, ఇది మీరు కొన్న రోజునే చచ్చిపోయిన టైరు. పైన పాలిష్ కొట్టారంతే" అన్నాడు ఆ కుర్రాడు. లోపల దారాలు తెగి, పెద్ద గేటరు ముక్క అతికించి ఉంది. తప్పు ఆయనది కాదు, చూడకుండా కొన్న మాది. ఆ తరువాతే మేము ఈ విషయం నేర్చుకోవడం మొదలుపెట్టాము.

టైరు పక్కగోడ మీద ఉన్న అంకెలు చదవడంతో మొదలుపెట్టాలి. మన వైపు తిరిగే 35 నుంచి 45 హార్స్‌పవర్ పాత బండ్లకు చాలావరకు ముందు 6.00-16, వెనుక 12.4-28 గాని 13.6-28 గాని ఉంటాయి. మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది రిమ్ము వ్యాసం, రెండూ అంగుళాల్లోనే. 13.6-28 అంటే సుమారు 345 మిల్లీమీటర్ల వెడల్పు, 28 అంగుళాల రిమ్ము. కొత్త రకం రేడియల్ టైర్ల మీద ఇదే సైజు 340/85ఆర్28 అని ఉంటుంది. రేడియల్ మంచిదే. కానీ ధర ఎక్కువ, ఏడాదిలో సగం రోజులు చెట్టు కింద నిలబడే పాత బండికి ఆ ఖర్చు గిట్టదు. పాతకాలపు అడ్డదారాల టైరు చాలు.

"12.4 తీసేసి 13.6 వేస్తే పట్టు ఎక్కువ కదా" అని చాలామంది అడుగుతారు. రిమ్ము వెడల్పు చూడందే చెప్పలేము. రిమ్ము మీద డబ్ల్యూ 10, డబ్ల్యూ 11, డబ్ల్యూ 12 అని పోత ఉంటుంది. 12.4కి డబ్ల్యూ 11, 13.6కి డబ్ల్యూ 12 సరైన జోడీలు. 13.6ను డబ్ల్యూ 11 మీద వేసుకోవచ్చు, డబ్ల్యూ 10 మీద మాత్రం ఎక్కించకూడదు. మడ్‌గార్డుకు తగులుతుందేమో కూడా కొలుచుకోవాలి. నాలుగు చక్రాలకూ గేరు ఉన్న బండి అయితే సైజు మార్చే ఆలోచనే వద్దు. ముందు వెనుక చక్రాల తిరుగుడుకు లెక్క కుదరక గేరుబాక్సు దెబ్బతింటుంది.

సైజు పక్కన 8 పి.ఆర్., 12 పి.ఆర్. అని ఉంటుంది. అది లోపలి పొరల లెక్క అని అందరూ అనుకుంటారు. ఒకప్పుడు నిజమే, ఇప్పుడు అది బలానికి గుర్తు మాత్రమే. ట్రక్కు తగిలించి లోడు లాగే బండికి ఈ అంకె తగ్గించి కొంటే ధర కొంచెం కలిసి వస్తుంది, పక్కగోడ మాత్రం ముందే చస్తుంది.

నాలుగంకెల తేదీ అన్నిటికంటే ముఖ్యం, ఎవరూ చూడనిది కూడా అదే. పక్కగోడ మీద 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. రబ్బరు వాడకపోయినా ముదురుతుంది. రెంటచింతల ఎండలు ఉన్న జిల్లా మనది. కొట్టు ముందు ఎండలో ఏళ్ల తరబడి పడి ఉన్న "కొత్త" టైరు కొత్తది కాదు. మేము కొన్న ఆ జత మీద ఈ అంకెలున్న చోట ఎవరో గీకేశారు. అప్పుడు మాకది అనుమానం కూడా కలిగించలేదు!

అసలు టైరు మార్చాల్సిన అవసరం వచ్చిందో లేదో తేల్చుకునే పరీక్ష ఒకటుంది. బడిలో పిల్లల చేత కూడా చేయించవచ్చు. వెనుక టైరు మీద సుద్దతో గీత పెట్టి, పొలంలో నాగలి ఎత్తి, చక్రం పది చుట్లు తిరిగేంత దూరం బండి నడిపి టేపుతో కొలవాలి. 40 మీటర్లు వచ్చిందనుకుందాము. తరువాత నాగలి దించి, దున్నుతూ మళ్లీ పది చుట్లు. ఈసారి 34 మీటర్లు వస్తే చక్రం నూటికి 15 వంతులు జారుతోందన్నమాట. దుక్కిలో అంతవరకు సరే. 28 మీటర్లే వస్తే నూటికి 30. అంటే డీజిలు 40 మీటర్లకు కాలింది, దుక్కి 28 మీటర్లే అయింది. మన నల్లరేగడి తడి మీద ఉన్నప్పుడు అరిగిన బటన్ల మధ్య మట్టి కూరుకుపోయి టైరు రోలరులా నున్నగా తయారవుతుంది. జారుడు ఎక్కువవడానికి అదే కారణం. కిరాయి మిగలడం లేదని వాపోయే చాలామంది డీజిలు ధరను తిడతారు గాని, ఒకసారి ఈ కొలత వేసి చూడరు.

జారుడు ఎక్కువగా ఉన్నంత మాత్రాన వెంటనే టైర్లు కొననక్కరలేదు. బరువు చాలక కూడా జారుతుంది. వెనుక ట్యూబుల్లో నాలుగింట మూడొంతులు నీళ్లు నింపితే, లీటరుకు కిలో చొప్పున దాదాపు ఖర్చు లేకుండా బరువు వస్తుంది. వాల్వు పైకి వచ్చేలా చక్రం తిప్పి, నీళ్లు వాల్వు దాకా వచ్చాక ఆపి, మిగిలిన చోట గాలి కొట్టాలి. దీనికి నీళ్లూ గాలీ రెండూ పోయే వాల్వు కావాలి. నీళ్లు నింపాక కూడా జారితే, బటన్లు కొత్తదానిలో నాలుగోవంతు ఎత్తుకు దిగితే, అప్పుడు మార్చాలి.

ట్రాక్టరుకు గాలి టైర్లు వచ్చి వందేళ్లు కూడా కాలేదు. 1932 ప్రాంతంలో అమెరికాలో అలిస్-చామర్స్ కంపెనీ ఫైర్‌స్టోన్ టైర్లతో బండి అమ్మకానికి పెడితే, ఇనుప చక్రాలకు అలవాటుపడ్డ రైతులు పొలంలో రబ్బరు నిలవదని నమ్మలేదు. వాళ్లను నమ్మించడానికి 1933లో బార్నీ ఓల్డ్‌ఫీల్డ్ అనే రేసు డ్రైవరు చేత ట్రాక్టరును గంటకు 100 కిలోమీటర్లకు పైగా తోలించారు. మనవాళ్లకు ఆ నమ్మకం ఎప్పుడో కుదిరింది, కాకపోతే మరీ ఎక్కువ కుదిరింది!

కొత్తవా, పాతవా, రీబటనా? దీనికి మా అభిప్రాయం సూటిగానే చెబుతాము. ముందు టైర్లు ఎప్పుడూ కొత్తవే కొనాలి. స్టీరింగు వాటి మీదే ఉంటుంది, ధర కూడా వెనుక వాటితో పోలిస్తే చాలా తక్కువ. అక్కడ మిగిల్చే డబ్బు డబ్బే కాదు. అయితే కొత్తవి వేయకముందే పాతవి ఎలా అరిగాయో చూడాలి. ఒక అంచు మాత్రమే అరిగితే తప్పు టైరుది కాదు, కింగుపిన్ను బుష్‌లు పోయి ఉంటాయి, లేదా ముందు చక్రాల అలైన్‌మెంటు తప్పి ఉంటుంది. అది సరిచేయించకపోతే కొత్త జత కూడా ఏడాదిలో అలాగే పోతుంది.

వెనుక టైర్లకు రీబటన్ తప్పేమీ కాదు. పొలంలో నెమ్మదిగా దున్నే బండికి, టైరు ఒళ్లు గట్టిగా ఉంటే, అది మంచి బేరమే. మన సొంత టైరుకే వేయించుకోవాలి. ఎవరిదో ఊరూపేరూ తెలియని టైరుకు వేసి అమ్మేది కొనకూడదు. ఇక పాత టైరు కొనక తప్పకపోతే రిమ్ము మీద ఉండగా కొనవద్దు. విప్పించి, లోపల బ్యాటరీ లైటు వేసి, చేత్తో తడిమి చూడాలి. దారం తెగిన చోట వేలికి గరుకుగా తగులుతుంది. పక్కగోడను వంచితే సన్న పగుళ్లు విచ్చుకుంటాయి. అంచు తీగ బయటపడి ఉంటే బేరమే వద్దు. పత్తి మోళ్లు కోసినట్టు గుచ్చుకునే చేలల్లో, పిడుగురాళ్ల వైపు సున్నపురాతి దారుల్లో తిరిగిన టైరుకు లోపలి దెబ్బలు బయటకు కనపడవు.

చవక, ఖరీదు అనే మాటలకు గంటల లెక్క కట్టాలి. లెక్క కోసం మాత్రమే అనుకుందాము: 24,000 రూపాయల కొత్త టైరు 3,000 గంటలు పనిచేస్తే గంటకు 8 రూపాయలు. 9,000 రూపాయల పాతది 600 గంటల్లో పోతే గంటకు 15. మధ్యలో బండి ఆగిన రోజుల కిరాయి ఇందులో కలపలేదు.

పైగా ఇప్పుడు కొత్త టైర్లకు ఒక వెసులుబాటు వచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టరు టైర్ల మీద, ట్యూబుల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను కాక 10,000 రూపాయల సరుకుకు మునుపు 11,800 అయ్యేది, ఇప్పుడు 10,500. పెద్ద టైర్ల జత మీద ఇది చిన్న మొత్తం కాదు. కాబట్టి బిల్లు లేకుండా తీసుకుంటే తగ్గిస్తామనే మాటకు మునుపటంత బలం లేదు. బిల్లు లేకపోతే వారంటీ లేదు, మన ఆడిటుకు కాగితమూ ఉండదు. మద్రాసు కంపెనీ ఎంఆర్ఎఫ్ నుంచి అపోలో, సియట్, జేకే, బీకేటీ దాకా అందరి టైర్లూ గుంటూరులో, విజయవాడ ఆటోనగర్‌లో దొరుకుతాయి. మేము ఫలానా కంపెనీ అని పట్టుబట్టము. రెండు మూడు చోట్ల అదే సైజుకు, అదే పి.ఆర్.కు ధర అడిగి, తేదీ కొత్తగా ఉన్నది తీసుకుంటాము.

వెనుక టైర్లు జతగానే మార్చాలి. ఒకటి ఎత్తు, ఒకటి పొట్టి అయితే రోడ్డు మీద డిఫరెన్షియల్ ఎడతెగకుండా తిరుగుతూ అరుగుతుంది. కొత్త టైరులో పాత ట్యూబు వేయకూడదు, అది అప్పటికే సాగి ఉంటుంది, మడత పడి చిరుగుతుంది. బిగించాక వెనుక నిలబడి చూస్తే బటన్ల మొనలు పైకి ఉండాలి. కిందికి ఉంటే తిరగేసి వేశారని అర్థం. నవ్వకండి, మేము రెండుసార్లు చూశాము. గాలి విషయంలో బండితో వచ్చిన పుస్తకమే ప్రమాణం. పొలంలో తక్కువ, లోడు రోడ్డెక్కినప్పుడు ఎక్కువ ఉండాలి. మనవాళ్లు ఏడాది పొడవునా ఒకటే గాలితో తిప్పుతారు.

తీసేసిన టైర్లకు కూడా ఎంతో కొంత వస్తుంది. ముందువి టైరు బండికో, వెనుకవి గొడ్ల తొట్టికో అడుగుతారు. ఆ సొమ్మును కూడా మేము అర్జీదారు కిస్తీలో జమ చేస్తున్నాము.

మొదట చెప్పిన భాయ్ పాత బాకీని సంఘం తన ఖాతాలో వేసుకుంది. నిరుడు వేసవిలో మేమే ఇంటికి వెళ్లి కూర్చుని, విషయం చెప్పి, ముందు కొత్త జత, వెనుక ఆయన సొంత టైర్లకే రీబటన్ ఏర్పాటు చేశాము. సుద్దగీత పరీక్ష మా ఎదుటే చేశారు. పది చుట్లకు 35 మీటర్లు వచ్చింది. కిస్తీలు సంక్రాంతికి ఒకటి, మిర్చి అమ్మకాలప్పుడు ఒకటిగా పెట్టుకున్నారు.

ఈ ఏడు ఇలాంటి అర్జీలు పెట్టదలచినవారు మృగశిరకు ముందే రావాలి, సీజను మొదలయ్యాక బేరం మన చేతిలో ఉండదు. వచ్చేటప్పుడు టైరు పక్కగోడ మీది సైజు, పి.ఆర్., నాలుగంకెల తేదీ, రిమ్ము మీది అంకె, పది చుట్ల కొలతలు రెండూ ఒక కాగితం మీద రాసుకుని తెస్తే, రాయడం రానివారు బండినే సంఘం ఆఫీసు ముందుకు తెస్తే, మిగిలినది మేము చూసుకుంటాము.