మట్టి కప్పరాని విత్తనం – లొబీలియా

శీతాకాలం వచ్చిందంటే మన టౌన్‌షిప్‌లలో బంతి, చామంతి, పెటూనియా పూలకు కొదవ ఉండదు. పసుపు, ఎరుపు, తెలుపు రంగులు కావలసినన్ని. అరుదుగా కనిపించేది నీలం. ఆ లోటు తీర్చగల ఏకవార్షికపు మొక్క లొబీలియా. హైదరాబాదులోని మా విభాగం ప్రవేశద్వారం ఎదుట, నడకదారికి ఇరువైపులా నీలి పూల అంచు తీర్చాలని సహోద్యోగులం కొందరం సంకల్పించాము. అది నెరవేరడానికి మూడు శీతాకాలాలు పట్టింది. మా అనుభవం ఇతర యూనిట్ల మిత్రులకు ఉపకరిస్తుందని ఆశిస్తున్నాము.

ఈ మొక్క జన్మస్థానం దక్షిణ ఆఫ్రికా. మథియాస్ ద లోబెల్ (1538–1616) అనే వృక్షశాస్త్రజ్ఞుని పేరు మీదుగా దీనికి ఆ పేరు వచ్చింది. ఎత్తు జానెడుకు మించదు. 'క్రిస్టల్ ప్యాలెస్' రకం ముదురు నీలం, 'కేంబ్రిడ్జ్ బ్లూ' లేత నీలం. 'సఫైర్' వేలాడే కుండీలకు అనువైనది.

చిక్కంతా విత్తనంతోనే. ఒక గ్రాములో 30,000కు పైగా విత్తనాలుంటాయి. అరచేతిలో పోసుకుంటే నశ్యం పొడిలా కనిపిస్తాయి. "సార్, ఇవి గసగసాల కన్నా సన్నం. పైన చల్లి వదిలేయండి, మన్ను కప్పకండి" అన్నాడు మా తోటమాలి. మేము వినలేదు. జల్లెడ పట్టిన మట్టిని అర సెంటీమీటరు మందాన సమంగా కప్పాము. నెల గడిచినా ఒక్క మొలక రాలేదు. ఇంత చిన్న విత్తులో ఆహారపు నిల్వ అత్యల్పం. పైగా మొలకెత్తడానికి దానికి వెలుతురు కావాలి. ఈ రెండు సంగతులూ పుస్తకం తిరగేసిన తరువాత గాని మాకు బోధపడలేదు.

మరుసటి ఏడాది మట్టి కప్పలేదు. మొలకలు పచ్చని నాచులా వచ్చాయి. సంతోషం కొద్దీ రోజుకు రెండుసార్లు పైనుంచి నీరు చల్లాము. నాలుగు రోజుల్లో నారంతా మొదళ్ళ వద్ద మెత్తబడి ఒరిగిపోయింది. అది నారుకుళ్ళు తెగులు.

మూడవ ఏడాదికి మాలో పెద్దవారొకరి పదవీ విరమణ ఫిబ్రవరిలో ఉంది. ఇక వాయిదాకు తావు లేదు. ఈసారి తోటమాలి చెప్పినట్లే చేశాము.

అక్టోబరు మొదటి వారంలో ఆకుల ఎరువు, ఇసుక, కొబ్బరి పొట్టు సమపాళ్ళలో కలిపి, మరిగే నీరు పోసి చల్లార్చి, అడుగున రంధ్రాలున్న ట్రేలలో నింపాము. విత్తనాన్ని పొడి ఇసుకతో కలిపి పైన చల్లి, చెక్కతో మెల్లగా అదిమాము. ట్రేని నీటి తొట్టిలో కాసేపు ఉంచితే నీరు కేశనాళికీయత వల్ల అడుగునుంచి పైకి ఎక్కుతుంది. ఆ సూత్రం మేము కళాశాలలో చదివినదే; నారుకు వర్తింపజేయాలని తోచినది మాత్రం తోటమాలికి. పైన గాజుపలక కప్పి, ఎండ నేరుగా పడని వెలుతురులో ఉంచాము. మొలకలకు 10 నుండి 20 రోజులు పడుతుంది. అవి కనబడగానే పలక తీసివేయాలి.

నారును ఒక్కొక్కటిగా విడదీయబోతే నలిగిపోతుంది. అయిదారు మొక్కలను చిన్న గుత్తిగా మట్టితో సహా ఎత్తి, 15 సెంటీమీటర్ల ఎడంలో నాటాలి. ఉదయపు ఎండ, మధ్యాహ్నపు నీడ, ఆరిపోని తేమ దీనికి హితం. తొలి విడత పూత తగ్గగానే కొసలు కత్తిరిస్తే మళ్ళీ పూస్తుంది. మొక్కలో లోబెలిన్ అనే విషపదార్థం ఉన్నందున పసిపిల్లలు నోట పెట్టుకోకుండా చూడాలి.

జనవరి మూడవ వారంలో తొలిపూలు విచ్చుకున్నాయి. మా పెద్దాయన వీడ్కోలు నాటికి దారి రెండు అంచులూ నీలంగా నిండాయి. ఆయన అందరికన్నా ముందు తోటమాలిని పిలిచి పక్కన నిలబెట్టుకుని ఫోటో తీయించుకున్నారు.

మార్చి ఎండలకు మొక్కలు వాడిపోయాయి. అక్టోబరుకు మళ్ళీ విత్తనం తెప్పిస్తున్నాము. ఎప్పుడు, ఎక్కడ చల్లాలో ఈసారి ముందుగానే తోటమాలిని అడిగాము.