స్థలం మనది, పేరు దాతది, సీటు ఎవరిది?

అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ జీమ్యాట్‌కు చదువుతున్న ఒక తమ్ముడితో కలిసి ఈమధ్య మాసబ్ ట్యాంక్ వెళ్లాం. అక్కడి దామోదరం సంజీవయ్య సంక్షేమ భవన్‌లో ఎస్సీ అభివృద్ధి శాఖ ఉంది. అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి వివరాలు కనుక్కోవాలని వెళ్లాం. విదేశీ యూనివర్సిటీలో పీజీ సీటు వస్తే ఈ పథకం కింద 20 లక్షల రూపాయల దాకా సాయం ఇస్తారు. బయటికొచ్చి చాయ్ తాగుతుంటే అతను అడిగాడు: "అన్నా, అమెరికాలో ఎంబీఏకి ఇస్తారు సరే. గచ్చిబౌలి ఐఎస్‌బీలో సీటొస్తే ఇవ్వరా?" అది విదేశం కాదు గదా తమ్ముడూ అన్నాం. ఇద్దరం నవ్వుకున్నాం గానీ, ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు.

మాసబ్ ట్యాంక్ నుంచి గచ్చిబౌలి పదిహేను కిలోమీటర్లు కూడా ఉండదు. అక్కడి ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్‌ను 2001 డిసెంబర్‌లో నాటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. మెకిన్సీ అధిపతి రజత్ గుప్తా చొరవ, పెద్ద కంపెనీల విరాళాలు, వార్టన్, కెల్లాగ్, లండన్ బిజినెస్ స్కూళ్ల భాగస్వామ్యం కలిసి దాన్ని నిలబెట్టాయని చెబుతారు. నిజమే. అయితే ఆ దాతల జాబితాలో ఒక పేరు తరచూ జారిపోతుంది. చంద్రబాబు ప్రభుత్వం 260 ఎకరాలు కేటాయించింది. గచ్చిబౌలిలో ఈరోజు 260 ఎకరాలంటే ఎంతో లెక్క కట్టుకోండి. అంత ఇచ్చిన ప్రజల పేరు అక్కడ ఏ భవనం మీదా కనపడదు.

మిగతా దాతల పేర్లు కనపడతాయి. ఐఎస్‌బీలో ఐటీ పరిశోధన కేంద్రానికి శ్రీని రాజు పేరు, కుటుంబ వ్యాపారాల కేంద్రానికి థామస్ ష్మిడైనీ పేరు ఉన్నాయి. 2012లో మొదలైన మొహాలీ క్యాంపస్‌లోని సంస్థలకు ముంజాల్, భారతి, మ్యాక్స్ పేర్లు పెట్టారు. ఇందులో దాపరికమేమీ లేదు, ప్రపంచమంతా ఇలాగే నడుస్తుంది. దాత ఇచ్చిన మూలధనాన్ని సాధారణంగా ఖర్చు చేయరు. దాన్ని మదుపు పెట్టి, వచ్చే రాబడితో ప్రొఫెసర్ జీతం, పరిశోధన, స్కాలర్‌షిప్‌లు నడుపుతారు. కాబట్టి ఏ అంశానికి కేంద్రం ఉంటుంది, దేనికి ఉండదు అన్నది చాలా వరకు దాత ఆసక్తిని బట్టే తేలుతుంది. 1881లో జోసెఫ్ వార్టన్ అనే ఇనుము, నికెల్ వ్యాపారి లక్ష డాలర్లిచ్చి పెన్సిల్వేనియా యూనివర్సిటీలో బిజినెస్ స్కూల్ పెట్టించాడు. విదేశీ సరుకుపై సుంకాలు వేసి దేశీయ పరిశ్రమను కాపాడుకోవాలని అక్కడ బోధించాలన్నది ఆయన షరతు. సుంకాలతో ఆయన వ్యాపారానికే లాభం. దాత అంటే షరతు రాయించుకోగలిగినవాడు.

ఈ షరతులు రాసే చేతులు మన దేశంలో ఎవరివి? 2012లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చిన ఒక అధ్యయనం దేశంలోని మొదటి వెయ్యి కంపెనీల బోర్డులను పరిశీలించింది. డైరెక్టర్లలో దాదాపు 93 శాతం అగ్రకులాలవారు. ఎస్సీ, ఎస్టీలు కలిపి 3.5 శాతం. బిజినెస్ స్కూల్‌కు చందా ఇచ్చేదీ, పాలక మండలిలో కూర్చునేదీ, క్యాంపస్‌కు వచ్చి ఉద్యోగాలిచ్చేదీ ఈ వరసలోని వాళ్లే. 'కుటుంబ వ్యాపారం' మీద పరిశోధన కేంద్రం ఉంటుంది. మన దగ్గర కుటుంబ వ్యాపారం అంటే చాలాసార్లు కుల వ్యాపారమే అని పరిశోధించడానికి డబ్బు పెట్టే దాత కోసం మాలాంటి పీహెచ్‌డీ విద్యార్థులు ఇంకా వెతుకుతూనే ఉన్నారు.

ఐఎస్‌బీ యూజీసీ డిగ్రీ ఇచ్చే సంస్థ కాదు, ఏఐసీటీఈ అనుమతి కోరనూ లేదు. ఏడాది కోర్సు ఖర్చు నలభై లక్షలు దాటుతుంది. ప్రతిభ, అవసరం చూసి ఇచ్చే స్కాలర్‌షిప్‌లు ఉన్నాయి గానీ, చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు దక్కాల్సిన వాటా అంటూ లేదు. పక్కనే ఉన్న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఎంబీఏలో మాత్రం ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం సీట్లుంటాయి.

దానాలు వద్దని మేం అనడం లేదు. బరోడా మహారాజు స్కాలర్‌షిప్ లేకుంటే 1913లో అంబేద్కర్ కొలంబియా చేరేవారు కాదు. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ దళిత పిల్లలకు బడులు నడిపింది కూడా నలుగురి సాయంతోనే. మా గొడవ షరతు గురించి. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలను లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయమంటుంది. ఆ చట్టం ఏడో షెడ్యూల్‌లో 'విద్య' ఒక అంశం, 'వెనుకబడిన వర్గాలు ఎదుర్కొనే అసమానతల తగ్గింపు' మరొకటి. మొదటిదాని పేరుతో సంస్థలకు డబ్బిచ్చేటప్పుడు రెండోదాన్ని కూడా ఒప్పందంలో రాయించడానికి ఏ చట్టమూ అడ్డు కాదు. స్థలం ఇచ్చే ప్రభుత్వానికి ఆ హక్కు ఇంకా ఎక్కువ.

రాజ్యాంగమూ అడ్డు కాదు. 93వ సవరణతో వచ్చిన అధికరణం 15(5) ప్రైవేటు విద్యాసంస్థల్లోనూ రిజర్వేషన్లకు వీలు కల్పించింది. 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని సమర్థించింది. అయితే 2006లో వచ్చిన రిజర్వేషన్ చట్టం కేంద్ర విద్యాసంస్థల దగ్గరే ఆగిపోయింది. ప్రైవేటు ఉన్నత విద్యాసంస్థలకు కూడా చట్టం తేవాలని పార్లమెంటు స్థాయీ సంఘం 2025 ఆగస్టులో సిఫార్సు చేసింది. చట్టం వచ్చేదాకా తెలంగాణ ప్రభుత్వం ఇకపై ఏ బిజినెస్ స్కూల్‌కు భూమి ఇచ్చినా, కేటాయింపు జీవోలో సీట్ల వాటా, ఫీజు మాఫీ, అధ్యాపక నియామకాల లెక్క రాయించాలి.

తమ్ముడు ఓవర్సీస్ దరఖాస్తు కోసం కుల, ఆదాయ సర్టిఫికెట్లు సిద్ధం చేసుకుంటున్నాడు. జీమ్యాట్ స్కోరు ఐఎస్‌బీకీ పనికొస్తుంది కాబట్టి అక్కడా దరఖాస్తు చేస్తానంటున్నాడు. సీటొస్తే డబ్బు సంగతి అప్పుడు చూద్దాం అన్నాం.