మారిషస్ వెళ్లాలంటే సంక్రాంతికి కాదు, సెప్టెంబరు 8కి

కొండలు, జలపాతాలు సీతంపేటవాళ్లకు కొత్త కాదు. ఆడలి వ్యూపాయింట్, మెట్టుగూడ జలపాతం ఇంటి ముంగిట ఉన్నవే. డబ్బు కూడబెట్టి విదేశం వెళ్లే క్యాథలిక్ కుటుంబం మాత్రం పుణ్యక్షేత్రం, అడవి, సముద్రం మూడూ ఒకే టికెట్టులో చూడాలనుకుంటుంది. అలాంటి దీవి మారిషస్. అయితే అక్కడ ఏం చూడాలన్నదాని కన్నా ఎప్పుడు వెళ్లాలన్నదే ముఖ్యం.

దీవి ఎంత పెద్దది?

ప్రధాన దీవి విస్తీర్ణం సుమారు 1,865 చదరపు కిలోమీటర్లు. నిలువునా 65, అడ్డంగా 45 కిలోమీటర్లు. ఎక్కడ బస చేసినా మరో మూల చూసి సాయంత్రానికి తిరిగి రావచ్చు. జనాభా 12 లక్షల పైచిలుకు. 2011 జనగణన ప్రకారం హిందువులు 48.5 శాతం, క్యాథలిక్కులు 26.3 శాతం.

మనకు ఈ దీవితో పాత బంధమే ఉంది. 1834 నుంచి కూలి ఒప్పందాల మీద అక్కడికి చేరిన భారతీయులు 4.5 లక్షల పైమాటే. 1843లో కాకినాడ పక్కనున్న కోరంగి రేవు నుంచి మనవాళ్లూ ఓడెక్కారు. వలస కూలీలు దిగిన అప్రవాసి ఘాట్ 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. ఉగాదికి మారిషస్ అంతటా ప్రభుత్వ సెలవు. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో అక్కడే జరిగాయి.

సెప్టెంబరు 8 ఎందుకు?

ఫ్రాన్స్‌లో వైద్యుడిగా పనిచేసి గురువైన ఫాదర్ జాక్ దెజిరే లవాల్ 1841లో మారిషస్ చేరారు. అంతకు ఆరేళ్ల ముందే బానిసత్వం రద్దయినా, విడుదలైనవాళ్లను పట్టించుకున్నవారు లేరు. ఆయన వాళ్ల క్రియోల్ భాష నేర్చుకుని వాళ్ల మధ్యే బతికారు. 1864 సెప్టెంబరు 9న కన్నుమూశారు. 1979లో రెండో జాన్ పాల్ పోప్ ఆయనను ధన్యుడిగా ప్రకటించారు.

ఏటా ఆ వర్ధంతి ముందు రాత్రి, అంటే సెప్టెంబరు 8న, దీవి నలుమూలల నుంచి జనం రాజధాని పోర్ట్ లూయిస్ శివారులోని సెయింట్ క్రోయ్‌కు కాలినడకన వస్తారు. హిందువులు, ముస్లింలు కూడా ఆ వరుసలో ఉంటారు. అక్కడున్న లవాల్ సమాధిపై రంగులద్దిన ఆయన ప్రతిమ పడుకున్నట్టుగా ఉంటుంది. సెప్టెంబరు 8 మరియమాత జన్మదినోత్సవం కూడా. 2019 సెప్టెంబరు 9న పోప్ ఫ్రాన్సిస్ పోర్ట్ లూయిస్ కొండవాలున ఉన్న శాంతి రాణి మరియమాత క్షేత్రంలో పూజ జరిపారు.

వాతావరణం లెక్క

సీతంపేట భూమధ్యరేఖకు ఉత్తరాన 18.7 డిగ్రీల దగ్గర ఉంటే, మారిషస్ దక్షిణాన 20 డిగ్రీల దగ్గర ఉంది. అందుకే రుతువులు తిరగబడతాయి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఉక్కపోత, వానలు, తుపాన్లు. 2024లో సరిగ్గా సంక్రాంతి రోజున, జనవరి 15న, బెలాల్ తుపాను పోర్ట్ లూయిస్ వీధులను ముంచెత్తింది. సెప్టెంబరులో వానలు తక్కువ. పగలు 25 డిగ్రీలకు అటూఇటూ ఉంటుంది. సముద్రపు నీరు మాత్రం కాస్త చల్లగా తగులుతుంది.

అడవి, తీరం

బ్లాక్ రివర్ గార్జెస్ జాతీయ పార్కు 1994లో ఏర్పడింది. 828 మీటర్ల పిటాన్ అక్కడి ఎత్తైన శిఖరం. మారిషస్ కెస్ట్రెల్ అనే డేగ జాతిలో 1974 నాటికి అడవిలో 4 పక్షులే మిగిలాయి. గూళ్లు కాపాడి, పిల్లలను పెంచి వదిలి ఆ జాతిని నిలబెట్టారు. డోడో పక్షిని పోగొట్టుకున్న దీవి కదా, ఆ విలువ దానికి తెలుసు.

తీరం చుట్టూ చాలా మేర పగడపు దిబ్బలు అలల జోరును అడ్డుకుంటాయి. కళింగపట్నంలోలా కెరటం మీదపడదు; మోకాలి లోతు నీళ్లలో పిల్లలు ఆడుకోవచ్చు. ఉత్తరాన కాప్ మలెరోలో ఎర్రకప్పు చర్చి ముందే సముద్రం. దాల్ పూరీ తినకుండా రావద్దు: పప్పుపొడి కూరి పలుచగా వత్తిన పూరీ, తీపిలేని బొబ్బట్టులా ఉంటుంది. చిక్కుడుగింజల కూర, మిరప పచ్చడి వేసి చుట్టి ఇస్తారు.

ఎలా వేసుకోవాలి?

భారతీయ పర్యాటకులు ముందుగా వీసా తీసుకోనక్కర్లేదు. రుసుము లేకుండా విమానాశ్రయంలోనే అనుమతిస్తారు. ముంబయి నుంచి నేరుగా వెళ్లే విమానానికి సుమారు 6 గంటలు. అక్కడి గడియారం మనకన్నా గంటన్నర వెనక. ఆరు రాత్రులు చాలు: యాత్రకు రెండు, అడవికి రెండు, తీరానికి రెండు.

బడిపిల్లలున్నవాళ్లకు సెప్టెంబరులో సెలవు దొరక్కపోతే దసరా సెలవులకు వెళ్లండి. అక్టోబరులో వానలు ఇంకా తక్కువ, నీరు కాస్త వెచ్చబడుతుంది. సెప్టెంబరు 8 రాత్రి నడక తప్పిపోయినా లవాల్ సమాధి దర్శనం ఏడాది పొడవునా ఉంటుంది. ఒక్క సంక్రాంతి మాత్రం ఇంటి దగ్గరే చేసుకోండి.