మాచు పిచ్చులో ఏ కొండ ఎక్కాలి?

మాచు పిచ్చు టికెట్లు కొనడానికి కూర్చున్న రోజు మా ఇంట్లో చిన్న యుద్ధం జరిగింది. మా వారు తనకి హుయానా పిచ్చు కొండ టికెట్టు, అత్తయ్యగారికీ నాకూ తొమ్మిదేళ్ళ పాపకీ మామూలు టికెట్లు ఎంచేసి కార్డు నంబరు కొడుతున్నారు. "నువ్వు వాళ్ళతో ఉంటావుగా" అన్నారు, చాలా మామూలుగా. ఆ "గా" దగ్గర నాకు ఎక్కడో గుచ్చుకుంది. డాలస్‌లో ఏడాది పొడుగునా పొద్దున్నే పార్కులో నడిచేది నేను. ఆయన కాదు.

"మీరు ఒక కొండ ఎక్కండి, నేను ఒక కొండ ఎక్కుతాను. రెండు రోజులు ఉందాం" అన్నాను. అలా మొదలైంది ఏ దారి ఎవరికి అన్న వెతుకులాట. వేసవి సెలవులకి పెరూ అనుకుంటున్న వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు తెలుసుకోవాల్సింది, అక్కడ టికెట్టే దారి. 15వ శతాబ్దంలో ఇంకాలు కట్టిన ఈ ఊళ్ళోకి ఇప్పుడు ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు తిరగడానికి లేదు. 2024 జూన్ నుంచి మూడు సర్క్యూట్లు, వాటిలో మళ్ళీ దారులు. కొన్న దారిలోనే నడవాలి, బయటికొస్తే మళ్ళీ లోపలికి పంపరు. హుయానా పిచ్చు మూడో సర్క్యూట్‌లో ఉంది. అది కొంటే శిథిలాల కింది భాగం చూస్తారు గానీ, అందరూ ఫొటో తీసుకునే ఆ పై మెట్టు చోటికి వెళ్ళరు. మాచు పిచ్చు మౌంటెన్ మొదటి సర్క్యూట్. అందులో పై నుంచి ఊరంతా కనిపిస్తుంది, గుళ్ళ మధ్యకి మాత్రం దిగలేరు. కొండా కావాలి, ఊరూ కావాలి అంటే రెండు టికెట్లు. ఇది తెలియక అక్కడికెళ్ళాక ఉసూరుమన్న వాళ్ళని చూశాను. ఇంకొకటి, గేటు దగ్గర పాస్‌పోర్టు చూస్తారు. మన ఇంటిపేర్లూ, విప్పి రాసిన ఇనీషియల్సూ పాస్‌పోర్టులో ఎలా ఉంటే టికెట్టు మీద అలాగే ఉండాలి.

ఇక దారులు. హుయానా పిచ్చు ఫొటోల్లో ఊరి వెనక కొమ్ములా నిలబడేది. ఎత్తు సుమారు 2,690 మీటర్లు. ఎక్కడానికి గంట చాలు, కానీ నిటారు. కొన్నిచోట్ల రాతిమెట్లు పాదమంత వెడల్పు కూడా ఉండవు, పక్కన లోయ. 12 ఏళ్ళ లోపు పిల్లల్ని పంపరు. ఎత్తు చూస్తే కళ్ళు తిరిగేవాళ్ళు పట్టుదలకి పోవద్దు. మౌంటెన్ 3,000 మీటర్లు దాటుతుంది. దారి కాస్త వెడల్పు, కానీ ఊరి నుంచి 600 మీటర్లకి పైగా ఎక్కాలి, రానూపోనూ మూడు నాలుగు గంటలు. ఇంతి పుంకు అనే సూర్యద్వారం వాలుగా సాగే పాత రాతిబాట. రోజుల తరబడి ఇంకా ట్రైల్ నడిచి వచ్చేవాళ్ళకి ఊరు మొదట కనిపించేది అక్కడి నుంచే. మోకాళ్ళు బాగున్న పెద్దవాళ్ళు నింపాదిగా వెళ్ళొచ్చు. ఇంకా వంతెన దారి అన్నిటికన్నా తేలిక, అరగంట పైచిలుకు నడక. వంతెనని దూరం నుంచి చూడ్డమే, దాని మీదికి పోనివ్వరు. ఈ చివరి రెండూ అన్ని నెలల్లోనూ ఉండవు, బుక్ చేసేముందు చూసుకోండి.

మేము చేసిన తప్పు వేరే. లీమా నుంచి నేరుగా కుస్కోలో దిగి, మొదటి రాత్రి అక్కడే పడుకున్నాం. కుస్కో 3,400 మీటర్లు. గాలిలో ఆక్సిజన్ శాతం ఎక్కడైనా 21 చుట్టూనే, కానీ అక్కడ గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే, కాబట్టి ఒక్కో ఊపిరికి అందేది తక్కువ. రాత్రంతా నాకూ అత్తయ్యగారికీ తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉండటం. మా వారు గుర్రు పెట్టారు. మర్నాడు 2,800 మీటర్ల ఒయాంతయ్‌తాంబోకి దిగిపోయాక గానీ మనుషులం కాలేదు. విచిత్రం ఏమిటంటే, మాచు పిచ్చు ఊరు 2,430 మీటర్లే. నేను ఎంచుకున్న మౌంటెన్ శిఖరం కూడా కుస్కో కన్నా కిందే! లోయలో రెండు రోజులు అలవాటు పడి వెళితే అక్కడ మీ సమస్య గాలి కాదు, మెట్లు. గుండెజబ్బు, ఆస్తమా ఉన్నవాళ్ళు, గర్భిణులు మాత్రం బయల్దేరే ముందు డాక్టర్ని అడగాల్సిందే. అక్కడ అందరూ ఇచ్చే కోకా టీ తాగండి గానీ, ఆ ఆకులు అమెరికాకి తేవద్దు, చట్టం ఒప్పుకోదు.

మొదటి రోజు మా వారు హుయానా పిచ్చు ఎక్కారు, మేం ముగ్గురం రెండో సర్క్యూట్‌లో ఊరంతా తిరిగాం. రెండో రోజు నా వంతు. "వెళ్ళమ్మా, పాపని వాళ్ళ నాన్న చూసుకుంటాడు" అన్నారు అత్తయ్యగారు, కొడుకు వైపు చూస్తూ. పొద్దున్నే బస్సెక్కాను. పెళ్ళయ్యాక ఒక్కదాన్నీ అంత దూరం ఎక్కడికీ వెళ్ళలేదని బస్సులో గుర్తొచ్చింది.

చిన్నప్పుడు అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కాను, ఇదెంత అనుకున్నాను. అలిపిరిలో మధ్యలో చదును దారి వస్తుంది, నిమ్మసోడా దొరుకుతుంది. ఇక్కడ మోకాళ్ళ పర్వతం ఒక్కటే రెండు గంటలు సాగినట్టుంది. పైన జెండా, మబ్బులు, కింద తెల్లగా మెలిక తిరిగిన ఉరుబంబా నది, అరచేతిలో పట్టేంత ఊరు. అరగంట కూర్చున్నాను. ఎవరూ ఏమీ అడగలేదు.

అసలు పరీక్ష దిగడం. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తే ఆగుతాం. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూ కూడా బరువు ఆపాలి, అవి అలిసిపోయాక భారం మోకాళ్ళ మీద పడుతుంది. సగం దారిలో నా కాళ్ళు వణికాయి. ఒకచోట సిగ్గు వదిలేసి కూర్చుని, పిల్లల్లా జరుగుతూ దిగాను. అందుకే చెబుతున్నా, ఏ కొండ అని ఎంచేటప్పుడు ఎక్కగలమా అని కాదు, దిగగలమా అని అడగండి. ఇంటి దగ్గర నెల ముందు నుంచి మెట్లు దిగడం అలవాటు చేసుకోండి. ఊతకర్రలు పెద్దవాళ్ళకీ నడక ఇబ్బంది ఉన్నవాళ్ళకే, అదీ రబ్బరు తొడుగుంటేనే. కుట్టే దోమల్లాంటి చిన్న పురుగులు బోలెడు, నిండు ప్యాంటు వేసుకోండి. లోపల బాత్రూములు లేవు, గేటు బయటే. తిండి కూడా లోపలికి తీసుకెళ్ళకూడదు.

మధ్యాహ్నం ఊళ్ళో బస్సు దిగేసరికి ముగ్గురూ అక్కడే నిలబడి ఉన్నారు. పాప జడ వంకరగా ఉంది, వాళ్ళ నాన్న వేసినట్టున్నారు. అత్తయ్యగారు రూములో కలిపిన నిమ్మకాయ పులిహోర డబ్బా మూత తీసి చేతిలో పెట్టి, "పైన ఏముందే?" అన్నారు. నోరు నిండా ఉండి జవాబు చెప్పలేకపోయాను.