మందుకు ముందు అనుమతి ఎందుకు?

“రేపే ఆపరేషన్ అన్నారు, ఇప్పుడేమో అప్రూవల్ రాలేదంటున్నారు.” వార్డు బయట బెంచీ మీద కూర్చున్న బంధువుల నోట తరచుగా వినే మాట ఇది. రోగిని దగ్గరుండి చూసుకునే మీరు ఈ అప్రూవల్ సంగతి కొంత తెలుసుకోవడం మంచిది.

2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ఆరోగ్యశ్రీ మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడది డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. పేరు మారినా పద్ధతి అదే. మీ డాక్టరుగారు జబ్బు నిర్ధారించాక స్కానింగు, రక్తపరీక్షల రిపోర్టులను ఆసుపత్రివారు కంప్యూటరు ద్వారా పంపుతారు. ఆ చికిత్స ఈ జబ్బుకు అవసరమా, పథకంలో ఉందా అని అక్కడి డాక్టర్లు పరిశీలించి అనుమతిస్తారు. క్యాన్సరుకు ఎక్కించే కీమోథెరపీ మందులకూ ఇదే దారి.

‘పెండింగ్’ అనగానే కాదన్నారనుకొని కొందరు రోగిని ఇంటికి తీసుకుపోతారు. మరికొందరు చెవికమ్మలు తాకట్టు పెట్టి డబ్బు కడతారు. దయచేసి తొందరపడకండి. చాలాసార్లు అది ఒక ప్రశ్న మాత్రమే. ఒక రిపోర్టు మసకగా ఉండవచ్చు, కార్డులో పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉండవచ్చు. ఏమి అడిగారో ఆసుపత్రిలోని వైద్యమిత్ర దగ్గర తెలుసుకోండి. డాక్టరు రాయవలసిన జవాబైతే నర్సమ్మ ద్వారా ఆయనకు గుర్తు చేయించండి. మీ ఇంట్లో ఉన్న కాగితమైతే ఆ రోజే తెప్పించండి. గూడూరు నుంచి నెల్లూరుకో తిరుపతికో బయలుదేరేటప్పుడే పాత చీటీలు, ఫిల్ములు అన్నీ ఒకే సంచిలో పెట్టుకుంటే మళ్ళీ బస్సెక్కే పని ఉండదు. ఎక్స్‌రే ఫిల్మును మాత్రం మడవకండి, మడత పడిన చోటే మాకు చూడవలసింది ఉంటుంది!

ప్రాణాపాయం ఉన్నప్పుడు ఇంతసేపు ఆగనక్కరలేదు. ఫోను ద్వారా అనుమతి తీసుకొని చికిత్స మొదలుపెట్టి, కాగితాలు తరువాత పంపే వీలుంది. ఈ మాట మీరే గుర్తు చేసినా తప్పులేదు.

మీకు ప్రైవేటు ఇన్సూరెన్సు ఉంటే వేరే లెక్క. క్యాష్‌లెస్ కోరిన గంటలోపల కంపెనీ నిర్ణయం చెప్పాలని, డిశ్చార్జి అనుమతి మూడు గంటలలోపల ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ 2024లో ఆదేశించింది. ఆలస్యమైతే అర్జీ పంపిన సమయం అడిగి రాసిపెట్టుకోండి. కాదన్నట్లయితే కారణం కాగితం మీద అడగండి. ఆ కాగితం చూసి డాక్టరుగారు మరల రాయవచ్చు. వైద్య సేవ గురించి సందేహముంటే 104కు ఫోను చేయవచ్చు.