ఇత్తడి జెట్ నుంచి ఇంజెక్టర్ దాకా

స్ప్లెండర్ లాంటి 97.2 సీసీ బండి లీటరు పెట్రోలును ఎన్ని గుక్కల్లో తాగుతుందో ఎప్పుడైనా లెక్క వేశారా? గంటకు 50 కిలోమీటర్ల వేగంతో నిలకడగా పోతూ లీటరుకు 60 కిలోమీటర్లు ఇస్తోందనుకుందాం. లీటరు అయిపోవడానికి 72 నిమిషాలు పడుతుంది. ఇంజిన్ నిమిషానికి దాదాపు 5,000 చుట్లు తిరుగుతుంది. ఫోర్‌స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకు ఒకసారి పెట్రోలు పీల్చుకుంటుంది. అంటే రమారమి 1,80,000 గుక్కలు. ఒక్కో గుక్క అయిదున్నర మైక్రోలీటర్లు, నీటి చుక్కలో పదోవంతు. ఇంత చిన్న కొలతను, ఇన్నిసార్లు, ఏ చిప్పూ ఏ కరెంటూ లేకుండా కొలిచి పోసిన వస్తువు కార్బొరేటర్. దాన్ని పీకేసి ఫ్యూయెల్ ఇంజెక్షన్ పెట్టాలనుకునే వాళ్లు ముందు దాని తెలివి ఎక్కడుందో తెలుసుకోవాలి. ఆ తెలివి ఎక్కడికీ పోదు. ఇత్తడిలోంచి అంకెల్లోకి మారుతుంది, అంతే. ఆ మార్పిడి సరిగా జరగకపోతే కొత్త బండి పాతదానికన్నా అధ్వాన్నంగా నడుస్తుంది.

హైదరాబాద్‌లో నల్లకుంట నుంచి విద్యానగర్ వైపు వచ్చే దారిలో ఏ మెకానిక్ దగ్గర నిలబడినా ఒక మాట వినిపిస్తుంది: "అన్నా, స్లో పట్టుకుంటలేదు. సిగ్నల్ కాడ ఆగిపోతుంది, జర చూడు." మెకానిక్ ఇంకేమీ అడగడు. పెట్రోలు కాక్ మూసి, కార్బొరేటర్ కింది గిన్నె విప్పి, స్లో జెట్ ఊడదీసి వెలుతురుకు పట్టి చూస్తాడు. దాని రంధ్రం వెంట్రుక కన్నా లావే గానీ చాలా సన్నం. అందులో జిగురు పట్టి ఉంటుంది. వైరులోంచి ఒక సన్నటి రాగి తీగ లాగి దూర్చి, పెట్రోల్లో కడిగి, గాలి ఊది మళ్లీ బిగిస్తాడు. తర్వాత గాలి స్క్రూను మెల్లగా చివరిదాకా బిగించి, ఒకటిన్నర రెండు చుట్లు వెనక్కి తిప్పుతాడు. బండి స్టార్ట్ చేసి, చెవి అటు పెట్టి, ఇంజిన్ మోత ఎక్కడ గరిష్ఠానికి వస్తుందో అక్కడ ఆపుతాడు. చివరగా స్లో స్క్రూ తగ్గిస్తాడు. పది నిమిషాల పని. ఆ పది నిమిషాల్లో అతను చేసింది గాలికీ పెట్రోలుకూ నిష్పత్తి కుదర్చడం. బరువులో 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు ఉంటే రెండూ మిగలకుండా పూర్తిగా మండుతాయి.

కార్బొరేటర్ పని చేసే తీరు తేలికే. గొట్టం మధ్యలో ఇరుకైన చోట గాలి వేగం పెరిగి పీడనం తగ్గుతుంది. నల్లకుంటలో ఐఐటీ కోచింగ్ తీసుకున్న పిల్లలందరికీ నోటికి వచ్చిన బెర్నూలీ సూత్రమే ఇది. ఆ తగ్గిన పీడనం గిన్నెలోని పెట్రోలును జెట్ గుండా పైకి లాగుతుంది. గిన్నెలో మట్టం మారకుండా ఫ్లోట్ చూసుకుంటుంది, ఫ్లష్ ట్యాంకులో బంతి చేసే పనే. యాక్సిలరేటర్ కొద్దిగా తిప్పితే స్లో జెట్, సగం దాకా నీడిల్, పూర్తిగా తిప్పితే మెయిన్ జెట్ బాధ్యత తీసుకుంటాయి. ఏ దశలో ఎంత పోయాలన్నది ఫ్యాక్టరీలో ఎవరో ఇంజనీరు నెలల తరబడి పరీక్షించి, ఆ జవాబును రంధ్రం సైజుగా, నీడిల్ వాలుగా లోహంలో చెక్కించి పెట్టాడు.

అసలు ఇబ్బంది అక్కడే. కార్బొరేటర్ గాలి ఎంత లాగుతోందో చూస్తుంది గానీ గాలి బరువెంతో దానికి తెలియదు. హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడి గాలి విశాఖపట్నం గాలికన్నా 5, 6 శాతం పలచన. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల్లో, డిసెంబరు తెల్లవారుజామున 12 డిగ్రీల్లో గాలి సాంద్రతకు 10 శాతం తేడా ఉంటుంది. కార్బొరేటర్ ఇందులో సగం మేరకే సర్దుకోగలదు. ఈ తేడాలతోనే మనం ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాం. ఇప్పుడు పెట్రోలే మారింది. 2025 నాటికి దేశమంతా 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చేసింది. ఇథనాల్‌కు 9 పాళ్ల గాలి చాలు కాబట్టి, ఈ మిశ్రమానికి కావలసింది 14.7 బదులు సుమారు 13.5. పాత జెట్ పాత కొలతే పోస్తుంది. మంట 7, 8 శాతం పెట్రోలు కొరతతో నడుస్తుంది. చల్లటి పొద్దున కిక్కు మీద కిక్కు కొట్టినా పాత బండి లేవకపోవడానికి ఇదొక కారణం. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు వాషర్లను ఉబ్బిస్తుంది. ఇంజెక్షన్ బండి సైలెన్సర్‌లోని ఆక్సిజన్ సెన్సర్‌తో ఈ కొరతను పసిగట్టి తనంతట తానే సర్దుకుంటుంది. మార్పిడి ఎందుకు అని అడిగే వాళ్లకు మైలేజి కన్నా ఇది గట్టి సమాధానం.

హంగరీలో బాంకి, చోంక అనే ఇద్దరు ఇంజనీర్లు కార్బొరేటర్‌కు పేటెంటు అడిగింది 1893లో. జర్మనీలో మేబాక్ పెట్రోలును సన్నగా చిమ్మే నాజిల్ చేసింది కూడా ఆ రోజుల్లోనే. అక్కణ్నించి దాదాపు యాభై ఏళ్లు కార్బొరేటర్‌కు ఎదురులేదు. దాని లోపం లోకానికి తెలిసింది గాలిలో, యుద్ధంలో. 1940లో బ్రిటిష్ స్పిట్‌ఫైర్ విమానం ముక్కు కిందికి వంచి ఒక్కసారిగా దూకితే ఇంజిన్ దగ్గి ఆగిపోయేది. ఫ్లోట్ గిన్నెకు ఏది పైనో ఏది కిందో తేల్చేది గురుత్వాకర్షణే. అది ఒక్క క్షణం తలకిందులైతే పెట్రోలు గిన్నె పైకప్పుకు చేరుతుంది. ముందు జెట్లు ఎండిపోతాయి, వెంటనే ఫ్లోట్ మోసపోయి వాల్వు బార్లా తెరుస్తుంది, ఇంజిన్ పెట్రోల్లో మునిగిపోతుంది. జర్మన్ మెస్సర్‌ష్మిట్‌లో సిలిండర్లోకి నేరుగా ఇంజెక్షన్ ఉండేది కాబట్టి దానికి ఈ బాధ లేదు. దూకి తప్పించుకుపోయేది.

దీనికి మందు కనిపెట్టింది బియాట్రిస్ షిల్లింగ్. ఫార్న్‌బరోలోని ప్రభుత్వ విమాన పరిశోధన సంస్థలో ఇంజనీరు. అంతకుముందు బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద నార్టన్ మోటార్‌సైకిల్‌ను గంటకు 100 మైళ్లు దాటించి గోల్డ్ స్టార్ అందుకున్న రేసర్. ఆమె చేసింది నడిమధ్య రంధ్రమున్న ఒక చిన్న లోహపు ముక్క. ఇంజిన్ పూర్తి శక్తికి కావలసిన దానికన్నా ఎక్కువ పెట్రోలు ఆ రంధ్రం గుండా రాదు, కాబట్టి ముంచెత్తడం ఆగింది. 1941లో ఆమె బృందం విమానస్థావరాలు తిరుగుతూ వీటిని బిగించింది. పూర్తి పరిష్కారం తర్వాత వచ్చింది గానీ, అందాకా పైలట్ల ప్రాణాలు నిలబెట్టింది ఆ రంధ్రమే. విద్యానగర్ మెకానిక్ వెలుతురుకు పట్టి చూసే స్లో జెట్ ఈ జాతిదే.

కార్లలోకి ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ ధీమాగా వచ్చింది 1967లో, బాష్ తయారుచేసిన డి-జెట్రానిక్‌తో ఫోక్స్‌వాగన్ 1600 మీద. మోటార్‌సైకిల్‌కు 1980లో కవాసాకీ పెట్టింది, అదీ వెయ్యి సీసీ బండికి. మన దేశంలో హీరో హోండా 2006లో గ్లామర్ 125కే పెట్టి చూసింది. రోడ్లమీద మాత్రం కార్బొరేటర్ గ్లామర్లే ఎక్కువ తిరిగాయి. ఖరీదు ఒక కారణమైతే, గల్లీ మెకానిక్ దగ్గర దాన్ని చదివే స్కానర్ లేకపోవడం ఇంకొకటి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాయి. కిలోమీటరుకు కార్బన్ మోనాక్సైడు 1 గ్రాము, నైట్రోజన్ ఆక్సైడ్లు 60 మిల్లీగ్రాములు దాటకూడదంటే, మామూలు జెట్టుతో అది సాధ్యపడదు. ఒక్క ఏడాదిలో దాదాపు ప్రతి కొత్త బండీ ఇంజెక్షన్‌కు మారిపోయింది. యాక్టివా 125 అయితే 2019లోనే మారింది.

ఇక పాత బండిని మార్చాలంటే ఏం కావాలో చూద్దాం. ఇంజెక్టరూ థ్రాటిల్ బాడీ కొని బిగిస్తే సరిపోతుందనుకుంటారు. ఆ రెండూ పనిలో చిన్న భాగం.

ముందు కరెంటు. పెట్రోలును రెండున్నర మూడు బార్ల పీడనంతో నెట్టే పంపు రెండు మూడు యాంపియర్లు తాగుతుంది. ఇంజెక్టర్, ఎప్పుడు ఎంత చిమ్మాలో లెక్కవేసే కంప్యూటర్ (ఈసీయూ) దానికి అదనం. పాత కిక్ స్టార్ట్ స్ప్లెండర్‌లో ఉండేది 2.5 యాంపియర్-అవర్ బ్యాటరీ. మ్యాగ్నెట్ కాయిల్ నుంచి హెడ్‌లైట్‌కు ఏసీ నేరుగా పోతుంది, బ్యాటరీకి మిగిలేది కొసరు. కాబట్టి ఆ కాయిల్‌ను (స్టేటర్) బాడీ ఎర్త్ నుంచి విడదీసి, ఫుల్‌వేవ్ రెక్టిఫైయర్ పెట్టి, పెద్ద బ్యాటరీ వేయాలి. ఓల్టేజీ పడిపోతే ఇంజెక్టర్ ఆలస్యంగా తెరుచుకుంటుంది. మొత్తం తెరిచి ఉండేదే రెండు నుంచి పది మిల్లీసెకన్లు. అందులో అర మిల్లీసెకను పోయినా స్లో పట్టుకోదు.

తర్వాత మ్యాగ్నెట్, అంటే క్రాంకుతో పాటు తిరిగే అయస్కాంత చక్రం. పాత బండిలో స్పార్కు కొట్టించే సీడీఐకి చుట్టుకొక సంకేతం చాలు, అందుకని మ్యాగ్నెట్ మీద ఒకే ఒక బొడిపె ఉంటుంది. ఒకే సిలిండర్ ఉన్న ఇంజిన్ ఒక చుట్టులోనే వేగం మార్చుకుంటుంది. పిస్టన్ గాలిని నొక్కేటప్పుడు మందగిస్తుంది, మంట తర్వాత ఉరుకుతుంది. చుట్టుకొక సంకేతంతో ఈసీయూకు ఇది తెలియదు. అందుకే 12 పళ్లలో ఒకటి తీసేసిన చక్రం లాంటిది కావాలి. లేని పన్ను దగ్గర ఈసీయూ స్థానం గుర్తుపడుతుంది. ఇంకో చిక్కుంది. అది పీల్చే చుట్టా, పొగ వదిలే చుట్టా అన్నది క్రాంకు చెప్పలేదు. థ్రాటిల్‌కూ ఇంజిన్‌కూ మధ్య గొట్టంలో పీడనం చూసే సెన్సర్ చెబుతుంది. రెండు చుట్లకొకసారి అక్కడ పీడనం లోతుగా పడిపోతుంది, అదే పీల్చే చుట్టు. నాలుగు సిలిండర్ల కారులో ఈ పీడనం దాదాపు నిలకడగా ఉంటుంది కాబట్టి ఎప్పుడు చదివినా ఫర్వాలేదు. మన బండిలో ఏ డిగ్రీ దగ్గర చదవాలో ముందే నిర్ణయించాలి. కారు పాఠాలు చదివి బండి మీద చేయిపెట్టిన విద్యార్థులు తడబడేది చాలావరకు ఇక్కడే.

ట్యాంకు సంగతి మరీ జాగ్రత్త. పంపు లోపల పెట్టాలంటే అడుగున కోసి వెల్డింగ్ చేయాలి. ఖాళీ చేసిన ట్యాంకు నిండిన దానికన్నా ప్రమాదం, లోపలి ఆవిరి పేలుతుంది. పూర్తిగా కడిగి, పని జరిగే చోటు తప్ప మిగతాదంతా నీళ్లతో నింపి, అనుభవమున్న వెల్డర్‌తోనే చేయించాలి. బయట పంపు పెట్టి రిటర్న్ పైపు వేసుకోవడం నా దృష్టిలో మేలు.

మెదడు దొరకడం ఇప్పుడు కష్టం కాదు. 2000ల మొదట్లో అమెరికాలో బౌలింగ్, గ్రిప్పో మెగాస్క్వర్ట్ అనే ఈసీయూను ఇంట్లో చేసుకునేలా అందరి ముందూ పెట్టారు. ఆస్ట్రేలియాలో జాష్ స్టీవర్ట్ మొదలుపెట్టిన స్పీడుయినో మామూలు ఆర్డుయినో మెగా బోర్డు మీదే నడుస్తుంది. దానికి కావలసిన విడిభాగాలకు కోఠీ గుజరాతీ గల్లీ, బండి సామాన్లకు రాణిగంజ్ తిరగవచ్చు. అన్నిటికన్నా దగ్గరి దారి మరొకటుంది. బీఎస్-6 స్ప్లెండర్ ప్లస్ ఇంజిన్ కూడా 97.2 సీసీయే. దాని మ్యాగ్నెట్, థ్రాటిల్ బాడీ, సెన్సర్లు, ఈసీయూ ఒకే కుటుంబంగా తీసుకుంటే సగం లెక్కలు కంపెనీ చేసిపెట్టినవే దొరుకుతాయి.

పాత చేతక్‌లకు, ఒకప్పుడు మన హైదరాబాద్ ఆల్విన్ పేరు మీద తిరిగిన పుష్పక్‌లకు ఈ వైద్యం పనికిరాదు. టూస్ట్రోక్‌లో పొగను బయటికి నెట్టేది కొత్త మిశ్రమమే, ఆ తోపులాటలో పావు వంతుకు పైగా పెట్రోలు మండకుండానే సైలెన్సర్ దారి పడుతుంది. కార్బొరేటర్ స్థానంలో ఇంజెక్టర్ పెట్టినా అదే జరుగుతుంది. పొగ పోయే పోర్టు మూసుకున్నాక సిలిండర్లోకి నేరుగా చిమ్మాలి. అమెరికాలోని కొలరాడో స్టేట్ యూనివర్సిటీ విద్యార్థుల పని నుంచి పుట్టిన ఎన్విరోఫిట్ సంస్థ ఫిలిప్పీన్స్‌లోని విగన్, ప్వెర్టో ప్రిన్సెసా పట్టణాల్లో ట్రైసికిల్ బళ్లకు ఇదే చేసింది. సిలిండర్ హెడ్ మార్చి, ఆర్బిటల్ అనే ఆస్ట్రేలియా కంపెనీ పద్ధతిలో నేరుగా ఇంజెక్షన్ పెట్టింది. పెట్రోలు దాదాపు మూడో వంతు ఆదా అయింది. రోజంతా తిరిగే డ్రైవర్లు కాబట్టి కిట్టు ఖరీదు వాళ్లకు తిరిగి వచ్చింది. పొద్దున ఆఫీసుకు, సాయంత్రం ఇంటికి తిరిగే స్ప్లెండర్‌కు అలా రాదు. ఈ మాట దాచకుండా చెప్పాలి.

చట్టం కూడా చూసుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. ఆమోదం ఉన్న కిట్టు, రవాణా శాఖ అనుమతి లేకుండా మార్చిన బండిని రోడ్డెక్కించడం తప్పు. కాబట్టి ఈ పనికి సరైన చోటు కాలేజీ వర్క్‌షాప్. ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ 1929 నుంచి ఉన్న ఊరు మనది. చుట్టూ ఇన్ని కాలేజీలున్నాయి. ఒక్క పాత స్ప్లెండర్ ఇంజిన్‌ను స్టాండు మీద నిలబెడితే థర్మోడైనమిక్స్, ఎలక్ట్రానిక్స్, కంట్రోల్ సిస్టమ్స్ మూడూ ఒకే బల్ల దగ్గరికొస్తాయి. ఏ ప్రాజెక్టు రిపోర్టూ నేర్పలేనంత నేర్పుతుంది.

అలా చేసే పిల్లలకు నాదొక సూచన. కార్బొరేటర్ ముందే విప్పేయకండి. బండి అలాగే ఉండగా యాక్సిలరేటర్ ఎంత తెరుచుకుందో, ఇంజిన్ వేగమెంతో, గొట్టంలో పీడనమెంతో రికార్డు చేసే సెన్సర్లు మాత్రం తగిలించండి. సైలెన్సర్ చివర వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ పట్టేలా క్లాంపు పెట్టండి. నల్లకుంటలో బయల్దేరి విద్యానగర్, ఎన్‌సీసీ గేటు, ఆర్ట్స్ కాలేజీ మీదుగా తార్నాక దాకా మామూలుగా నడపండి. మండు వేసవిలో ఒకసారి, చలికాలం పొద్దున ఇంకోసారి. ఈసీయూలో వేగానికీ పీడనానికీ కలిపి 16 అడ్డు, 16 నిలువు, మొత్తం 256 గళ్ల పట్టిక ఉంటుంది. ఈ ప్రయాణాల్లో కార్బొరేటర్ ఏ గడిలో ఎంత పోసిందో ఆ రికార్డుతోనే తెలిసిపోతుంది. సిగ్నళ్ల దగ్గర ఆగి ఉన్నప్పటి గళ్లు, రెండో గేరులో పాకేటప్పటి గళ్లు బాగా నిండుతాయి. ఉస్మానియా క్యాంపస్ రోడ్డు ఖాళీగా ఉంటే మధ్య గళ్లు కొన్ని నిండుతాయి. పూర్తి థ్రాటిల్, 7,000 చుట్లు ఉండే పై మూల ఖాళీగానే మిగులుతుంది. దాన్ని రోడ్డు మీద నింపే ప్రయత్నం చేయకండి. అది వర్క్‌షాప్‌లో, డైనమోమీటర్ మీద, ఇంజిన్ ముందు పెద్ద ఫ్యాను పెట్టి, ఒక్కో గడి దగ్గర ఆగి నింపాల్సిన పని.